లాటిన్ రాక్ బ్యాండ్లకు విడిగా ఒక పురస్కారం ఉండాలి

స్పానిష్, పోర్చుగీసు భాషల సంగీతానికి ఇచ్చే లాటిన్ గ్రామీ పురస్కారాల్లో 2001 నుంచి 2009 వరకు రాక్ బ్యాండ్లకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉండేది. జంటగా గానీ బృందంగా గానీ పాడిన రాక్ ఆల్బమ్‌లలో ఆ ఏటి మేటిదాన్ని ఎంచి ఆ పురస్కారం ఇచ్చేవారు. ఒక్కరి పేరు మీద వచ్చే రాక్ ఆల్బమ్‌లకు దాని పక్కనే మరో విభాగం ఉండేది. 2010లో ఆ రెండింటినీ కలిపేసి ‘ఉత్తమ రాక్ ఆల్బమ్’ అనే ఒకే విభాగాన్ని మిగిల్చారు. అప్పటినుంచి నలుగురైదుగురు కలిసి ఏళ్ల తరబడి సాధన చేసి తయారుచేసుకున్న సంగీతమూ, పేరున్న గాయకుడు తన ఇష్టప్రకారం వాద్యకారులను ఎంచుకుని విడుదల చేసిన సంగీతమూ ఒకే వరుసలో పోటీ పడుతున్నాయి. ఈ విలీనం సరైనది కాదని, లాటిన్ అమెరికాలో రాక్ సంగీతం నడిచి వచ్చిన దారి తెలిసినవారు ఎవరైనా బ్యాండ్ల విభాగాన్ని అన్నిటికంటే చివరగా మాత్రమే ముట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో వివరంగా చెప్పడానికే ఈ వ్యాసం.

అసలు ఆ విభాగం ఎలా పుట్టిందో ముందు చూద్దాం. అమెరికాలోని గ్రామీ పురస్కారాల్లో లాటిన్ సంగీతానికి తొలిసారి ఒక చోటు దొరికింది 1976లో. ఆ ఏడాది ఎడ్డీ పాల్మియేరి దాన్ని అందుకున్నారు. సల్సా అయినా బొలేరో అయినా మెక్సికన్ జానపదం అయినా అన్నిటికీ కలిపి ఆ ఒక్క పురస్కారమే. 1984లో దాన్ని పాప్, ట్రాపికల్, మెక్సికన్-అమెరికన్ అని మూడుగా విడదీశారు. ఆ మూడింటిలోనూ రాక్ లేదు. లాటిన్ రాక్‌కు గ్రామీ గుర్తింపు రావడానికి 1998 దాకా పట్టింది. ఆ తొలి పురస్కారం అర్జెంటీనా రాజధాని బ్వేనోస్ ఐరెస్‌కు చెందిన లోస్ ఫాబులోసోస్ కాడిలాక్స్ అనే పెద్ద బ్యాండ్‌కు వెళ్లింది. 1997లో లాటిన్ గ్రామీలను ఇచ్చే లాటిన్ రికార్డింగ్ అకాడమీ విడిగా ఏర్పడింది. 2000 సెప్టెంబరు 13న లాస్ ఏంజెలెస్‌లోని స్టేపుల్స్ సెంటర్‌లో లాటిన్ గ్రామీల మొదటి వేడుక జరిగింది. ఆ ఏడాది ఉత్తమ రాక్ ఆల్బమ్ ఒక్కటే ఉన్నా, గానానికి మాత్రం పురుషులకు, స్త్రీలకు, బృందాలకు వేర్వేరు పురస్కారాలు ఇచ్చారు. ఫీతో పాయెస్, షకీరా, గిటారిస్టు కార్లోస్ సంతానాతో కలిసి మెక్సికో బ్యాండ్ మనా వాటి విజేతలు. ఆల్బమ్ పురస్కారం మెక్సికో బ్యాండ్ కాఫే టకూబాకు దక్కింది. గెలిచిన వాళ్ల రెండు డిస్కుల ఆల్బమ్‌లో ఒక డిస్కు నిండా వాద్యసంగీతమే. తొలి ఏడాదే అంత సాహసమైన ఎంపిక చేసిన న్యాయనిర్ణేతలను నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

మరుసటి ఏడాది నుంచి ఆల్బమ్‌లనే రెండుగా చూడటం మొదలైంది: ఒంటరి కళాకారులవి ఒక వైపు, బృందాలవి ఒక వైపు. ఒంటరి విభాగంలో కొలంబియా గాయకుడు హువానెస్ గెలిచారు. బృందాల విభాగంలో అదే దేశానికి చెందిన అతెర్సియోపెలాదోస్ గెలిచింది. అయితే ఆ విజయానికి వేదిక లేకుండా పోయింది. 2001 నాటి వేడుకను సెప్టెంబరు 11న జరపాలని నిర్ణయించారు. ఆ ఉదయం న్యూయార్క్, వాషింగ్టన్‌ల మీద దాడులు జరగడంతో వేడుక రద్దయింది. విజేతల పేర్లను తర్వాత అక్టోబరు చివర్లో ఆర్భాటం లేకుండా ప్రకటించారు. లాటిన్ అమెరికా సంగీత చరిత్రలో ఆ తేదీ ఇంతకుముందు కూడా రెండుసార్లు కనిపిస్తుంది. 1971 సెప్టెంబరు 11న మెక్సికోలో అవాందరో రాక్ ఉత్సవం మొదలైంది. 1973 సెప్టెంబరు 11న చిలీలో సైనిక కుట్ర జరిగింది, కొద్ది రోజులకే గాయకుడు విక్తోర్ హారాను సైన్యం చంపేసింది. కేవలం యాదృచ్ఛికమే అయినా, ఈ మూడు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు ఆ ఖండపు రాక్ ఎన్ని అడ్డంకులు దాటి వచ్చిందో గుర్తుకొస్తుంది.

నా వాదనకు ఆధారం ఆ చరిత్రే కాబట్టి దాన్ని కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. అవాందరో ఉత్సవం వాయే దె బ్రావో అనే ఊరి దగ్గర జరిగింది. లక్ష మందికి పైగా యువతీయువకులు అక్కడికి చేరుకున్నారు. ప్రభుత్వం, పత్రికలు, చర్చి, అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ తర్వాత మెక్సికోలో రాక్‌కు రేడియోలోనూ పెద్ద వేదికల మీదా దారులు మూసుకుపోయాయి. నగరాల అంచుల్లోని పాత గోదాముల్లో, పాడుబడిన హాళ్లలో బ్యాండ్లు వాయించుకునేవి. దాదాపు ఒక తరం పాటు ఆ సంగీతాన్ని బతికించింది రికార్డు కంపెనీలు కాదు, పేరుమోసిన గాయకులు కాదు, తమ యాంప్లిఫయర్లను తామే మోసుకుంటూ వీధి వీధికీ తిరిగిన బృందాలు. 1980ల చివర్లో కైఫానెస్ వంటి బ్యాండ్లను పెద్ద కంపెనీలు పిలిచి రికార్డు చేయించే నాటికి, ఆ బ్యాండ్ల వెనుక ఇంత కథ నడిచింది.

అర్జెంటీనా కథ వేరు. అక్కడ 1976 నుంచి 1983 వరకు సైనిక నియంతృత్వం. 1982 ఏప్రిల్‌లో మాల్వినాస్ (ఫాక్‌లాండ్) దీవుల కోసం బ్రిటన్‌తో యుద్ధం మొదలయ్యాక రేడియోల్లో ఇంగ్లీషు పాటలు ఆపేశారు. ఆ ఖాళీని నింపడానికి అంతవరకూ అనుమానంగా చూసిన సొంత దేశపు రాక్‌నే ప్రభుత్వం ముందుకు తెచ్చింది. ఆ ఏడాది మే 16న బ్వేనోస్ ఐరెస్‌లో సంఘీభావం పేరుతో పెద్ద సంగీతోత్సవం పెడితే చార్లీ గార్సియా, స్పినెట్టా, లియోన్ గియెకో వంటి దిగ్గజాలు పాల్గొన్నారు. విరుస్ అనే బ్యాండ్ మాత్రం వెళ్లనని చెప్పింది. ఆ బ్యాండ్‌లోని మౌరా సోదరుల మరో సోదరుణ్ణి అదే నియంతృత్వం 1977లో మాయం చేసింది. అన్ని అవకాశాలూ ఒక్కసారిగా తెరుచుకుంటున్న వేళ ఆ వేదిక ఎక్కకపోవడం చిన్న విషయం కాదు. ఆ నిర్ణయం ఒక వ్యక్తిది కాదు, బ్యాండ్‌ది. ఇక్కడే ‘బృందం’ అన్నదానికి లాటిన్ అమెరికాలో ఉన్న బరువు నాకు అర్థమవుతుంది. ఒంటరి గాయకుణ్ణి లొంగదీసుకోవడం కన్నా కలిసి నిలబడిన నలుగురిని లొంగదీసుకోవడం ఏ అధికారానికైనా కష్టం.

చిలీలో లోస్ ప్రిసియోనెరోస్ ఉంది. శాంతియాగోలోని సాన్ మిగెల్ అనే సామాన్యుల ప్రాంతంలో ఒకే బడిలో చదువుకున్న ముగ్గురు కుర్రాళ్లు పెట్టుకున్న బ్యాండ్ అది. సైనిక నియంత పినోచే పాలనలో ప్రభుత్వ టెలివిజన్ వారిని దూరం పెట్టింది. 1988 ప్రజాభిప్రాయ సేకరణలో నియంతకు వ్యతిరేకంగా నిలబడినందుకు కచేరీలు రద్దయ్యాయి. చదువు పూర్తయినా పనికి నోచుకోని పిల్లల గురించి 1986లో వాళ్లు పాడిన పాటను 2019 అక్టోబరులో శాంతియాగో వీధుల్లో నిరసనకారులు వేలాదిగా పాడారు. 1993 అక్టోబరు 1న లాటిన్ అమెరికా కోసం ఎంటీవీ ప్రత్యేక ఛానెల్ మొదలైనప్పుడు మొట్టమొదట ప్రసారం చేసిన వీడియో కూడా ఈ బ్యాండ్‌దే. అప్పటికి ఆ బ్యాండ్ విడిపోయి ఉండటం ఒక విషాదం.

ఇదంతా చెప్పడంలో నా ఉద్దేశం ఒంటరి గాయకులను తక్కువ చేయడం కాదు. చార్లీ గార్సియా లేకుండా, ఫీతో పాయెస్ లేకుండా అర్జెంటీనా రాక్‌ను ఊహించలేం. కానీ చార్లీ గార్సియా సుయి హెనెరిస్, సెరూ హిరాన్ అనే బ్యాండ్లలో ఎదిగి వచ్చినవాడు. స్పినెట్టా ఆల్మెంద్రాతో మొదలైనవాడు. ఒంటరిగా వెలిగిన వారిలో ఎక్కువ మందిని ముందు తయారుచేసింది బ్యాండ్లే. మొక్క మొలిచే మడినే చదును చేసేసి, చెట్లకు మాత్రం నీళ్లు పోస్తామంటే ఎలా?

బ్యాండ్ సంగీతం లోపలి నుంచి కూడా వేరుగా తయారవుతుంది. కాఫే టకూబానే తీసుకుందాం. మెక్సికో నగరానికి ఆనుకుని ఉన్న సియుదాద్ సతెలీతెలో 1989లో పుట్టిన ఈ బ్యాండ్‌లో నలుగురు: రూబెన్ అల్బర్రాన్, ఎమ్మానుయెల్ దెల్ రెయాల్, హొసెలో రాంఖెల్, అతని సోదరుడు కీకే రాంఖెల్. నలుగురూ పాటలు రాస్తారు. 1994లో వచ్చిన వాళ్ల రెండో ఆల్బమ్‌లో 20 పాటలు ఉంటే, ఉత్తర మెక్సికో అకార్డియన్ పాట ఒకటి, ఊదు వాద్యాలతో సాగే బాందా మరొకటి, చెవులు గింగురుమనే మెటల్ ఇంకొకటి, ఇలా ఒక పాట రీతి వేరొక పాటకు ఉండదు. ఒక మనిషి మనసులోంచి అన్ని రకాలు రావడం కష్టం. నలుగురు మనుషులు ఒకరి అభిరుచిని మరొకరు భరించి, వాదించుకుని, చివరికి ఒప్పుకుంటేనే అలాంటి ఆల్బమ్ వస్తుంది. 2004లో ఉత్తమ రాక్ పాటగా లాటిన్ గ్రామీ గెలిచిన వాళ్ల పాటను పాడింది ప్రధాన గాయకుడు కాదు. రాసిన కీబోర్డు వాద్యకారుడు దెల్ రెయాలే పాడాడు. బ్యాండ్‌లో ప్రధాన గాయకుడు పక్కకు జరిగి మరొకరికి మైకు ఇవ్వడం సహజంగా జరిగిపోతుంది. ఒకరి పేరు మీద వచ్చే ఆల్బమ్‌లో ఆ పని చేయడానికి చోటే ఉండదు.

అతెర్సియోపెలాదోస్ సంగతీ అంతే. ఆంద్రేయా ఎచెవెర్రి లలితకళలు చదువుకున్న అమ్మాయి. ఎక్తోర్ బుయిత్రాగో లా పెస్తిలెన్సియా అనే హార్డ్‌కోర్ పంక్ బ్యాండ్ నుంచి వచ్చినవాడు. ఆమె గొంతులో బొలేరో ఉంది, అతని బేస్ గిటారులో కోపం ఉంది. కొలంబియా రాజధాని బొగోతా బాంబు పేలుళ్లతో వణికిన కాలం దాటి వస్తున్నప్పుడు, ఈ ఇద్దరి కలయికలోంచి వచ్చిన శబ్దం ఆ ఇద్దరిలో ఏ ఒక్కరిదీ కాదు. తర్వాత ఇద్దరూ విడివిడిగా ఆల్బమ్‌లు చేశారు. అవి వింటే ఎవరి వంతు ఏమిటో తెలుస్తుంది, రెండూ కలిసినప్పుడు కొత్తగా పుట్టినది ఏమిటో కూడా తెలుస్తుంది. 2001లో బృందాల విభాగం మెచ్చుకున్నది ఆ కొత్తగా పుట్టినదాన్నే. ఒంటరి ఆల్బమ్‌ను వినేటప్పుడు మనం ఒక స్వరాన్ని, ఒక దృష్టిని వెతుకుతాం. బ్యాండ్ ఆల్బమ్‌ను వినేటప్పుడు మనుషుల మధ్య జరిగిన సంభాషణను వెతుకుతాం. రెండు రకాల వినికిడికీ ఒకే కొలబద్ద పెడితే, తేలిగ్గా గుర్తుపట్టగలిగే ఒక్క స్వరానికే మొగ్గు చూపే ప్రమాదం ఉంది.

ఇప్పుడు విలీనాన్ని సమర్థించే వాదనలకు వద్దాం. అవి బలహీనమైనవి కావు.

మొదటిది, విభాగాలు ఎక్కువైతే పురస్కారం విలువ పలచబడుతుంది. అమెరికా గ్రామీలు 2011 ఏప్రిల్‌లో ఇదే కారణంతో 109 విభాగాలను 78కి తగ్గించాయి. పాప్, రాక్, ఆర్ అండ్ బీ, కంట్రీ సంగీతాల్లో పురుషుడు, స్త్రీ, బృందం అనే విభజనలన్నీ ఎత్తేశారు. 1980 నుంచి ఇస్తూ వచ్చిన రాక్ బృందాల గాన పురస్కారం కూడా అందులో పోయింది. స్త్రీపురుష విభజనను తీసేయడంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. సంగీతంలో ఆ గీతకు అర్థం లేదు. కానీ బృందానికీ ఒంటరికీ మధ్య ఉన్న గీత పాడే మనిషి పుట్టుకకు సంబంధించినది కాదు, పని జరిగే తీరుకు సంబంధించినది. ఈ రెండు గీతలనూ ఒకే రబ్బరుతో చెరిపేయడం న్యాయం అనిపించుకోదు.

రెండో వాదన బ్రెజిల్‌ది. లాటిన్ గ్రామీల్లో బ్రెజిల్ రాక్‌కు మొదటినుంచీ వేరే విభాగం ఉంటూ వచ్చింది, అందులో బ్యాండ్లూ ఒంటరి కళాకారులూ కలిసే పోటీ పడ్డారు. 2001లో బ్రెజిల్ గాయని రీతా లీ గెలిచిన విభాగం అదే. అక్కడ ఇబ్బంది లేనప్పుడు స్పానిష్ రాక్‌కు ఎందుకు అని అడగవచ్చు. నా జవాబు సూటిగా ఇది: బ్రెజిల్ ఒక్క దేశం. స్పానిష్ రాక్ విభాగంలోకి మెక్సికో, అర్జెంటీనా, చిలీ, కొలంబియా, వెనెజువేలా, ప్యూర్టో రికో, స్పెయిన్, ఇంకా అమెరికాలో స్థిరపడిన లాటిన్ కుటుంబాల పిల్లలు, ఇలా దాదాపు ఇరవై దేశాల సంగీతం వచ్చి చేరుతుంది. ఇన్ని దేశాలకు కలిపి ఒకటి, ఒక దేశానికి ఒకటి అంటే లెక్క ఎలా కుదురుతుంది?

బ్యాండ్లకు ‘ఆల్టర్నేటివ్’ (ప్రధాన ధోరణికి భిన్నమైన సంగీతం) విభాగం ఉంది కదా అనేవారు కూడా ఉన్నారు. 2004లో కాఫే టకూబా ఆల్బమ్‌కు పురస్కారం వచ్చింది ఆ విభాగంలోనే. కానీ అది శైలిని బట్టి చేసిన విభాగం, అక్కడా ఒంటరి కళాకారులు ఉంటారు. నేరుగా గిటారు, బేస్, డ్రమ్స్‌తో రాక్ వాయించే ఒక బ్యాండ్ అక్కడికి వెళ్లి తలుపు తట్టాల్సిన పనిలేదు.

అన్నిటికన్నా బలమైన వాదన చివరిది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. విలీనం తర్వాత బ్యాండ్లు ఓడిపోలేదు. 2011లో మనా గెలిచింది. 2012లో, మళ్లీ 2014లో మొలొతోవ్ గెలిచింది. 2013లో వెనెజువేలా రాజధాని కారకాస్ కుర్రాళ్ల బ్యాండ్ లా వీదా బోయెమె, 2015లో బొగోతా బ్యాండ్ దియామాంతె ఎలెక్త్రికో గెలిచాయి. ఈ జాబితా చూపించి, బ్యాండ్లకు అన్యాయం ఎక్కడ జరిగిందని ఎవరైనా అడిగితే నాకు సంతోషమే. ఎందుకంటే అప్పుడు అసలు విషయం మాట్లాడుకోవచ్చు.

అన్యాయం విజేత దగ్గర జరగలేదు, నామినేషన్ల దగ్గర జరిగింది. సాధారణంగా ఒక్కో విభాగంలో అయిదు నామినేషన్లు ఉంటాయి. రెండు విభాగాలు ఉన్నప్పుడు ఏటా పది రాక్ ఆల్బమ్‌ల పేర్లు ప్రపంచానికి తెలిసేవి, వాటిలో అయిదు తప్పకుండా బ్యాండ్లవే. ఒక విభాగం అయ్యాక అయిదే మిగిలాయి, అందులో బ్యాండ్లు ఎన్ని ఉండాలో ఎవరూ హామీ ఇవ్వరు. మనా వంటి బ్యాండ్‌కు ఆ నామినేషన్ వచ్చినా రాకపోయినా స్టేడియాలు నిండుతాయి. కానీ చిన్న నగరంలో సొంత డబ్బుతో రికార్డు చేసుకున్న బ్యాండ్‌కు ‘నామినేషన్ వచ్చింది’ అన్న ఆ ఒక్క వాక్యమే పాస్‌పోర్టు. ఉత్సవ నిర్వాహకులు ఫోను ఎత్తడానికీ, పొరుగు దేశపు రేడియో ఒకసారి వేయడానికీ, కచేరీ పారితోషికాన్ని నలుగురూ పంచుకున్నాక కూడా ఇంకో ఏడాది కలిసి ఉండటానికీ అది పనికొస్తుంది. బ్యాండ్ ఖర్చులు ఒంటరి కళాకారుడి ఖర్చుల్లాంటివి కావు. విమాన టికెట్లు నాలుగు, వీసాలు నాలుగు, భోజనాలు నాలుగు, ఆదాయం మాత్రం ఒక్కటే. సంగీతం అమ్ముడుపోయే పద్ధతి మారి ఒక్కో పాట ఒక్కో పేరుతో వినబడే ఈ కాలంలో, కలిసి ఉండటమే ఆర్థికంగా నష్టమైన పనిగా మారుతున్నప్పుడు, ఆ కలిసి ఉండటాన్ని గౌరవించే పురస్కారాన్ని ఎత్తేయడం సమయం సందర్భం చూసుకోని నిర్ణయం.

2010 నాటి తొలి ఉమ్మడి పురస్కారాన్ని చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. దాన్ని అర్జెంటీనా గాయకుడు గుస్తావో సెరాతి తన చివరి ఆల్బమ్‌కు గెలుచుకున్నాడు. ఆ మే నెలలో కారకాస్‌లో కచేరీ ముగించాక మెదడుకు రక్తప్రసరణ ఆగి కోమాలోకి వెళ్లాడు. నవంబరులో వేడుక జరిగేనాటికి అతనికి స్పృహ లేదు. 2014 సెప్టెంబరు 4న మరణించాడు. ఆ ఆల్బమ్‌ను నేను ప్రేమిస్తాను, ఆ గౌరవానికి అది నూటికి నూరుపాళ్లు తగినది. కానీ సెరాతి ఒంటరి కళాకారుల విభాగంలో 2006లోనే గెలిచిన మనిషి. పాత పద్ధతే కొనసాగి ఉంటే 2010లోనూ ఆ విభాగంలో అతనికి అడ్డు ఉండేది కాదు, ఆ సాయంత్రమే బృందాల విభాగంలో ఒక బ్యాండ్ కూడా వేదిక ఎక్కేది. ఎవరి పురస్కారాన్నీ ఎవరూ లాక్కోనక్కర్లేని ఏర్పాటు అప్పటికే ఉంది, దాన్ని వదులుకున్నారు. పైగా సెరాతి జీవితమే ఈ తేడాకు మంచి ఉదాహరణ. 1982లో సేతా బోసియో, చార్లీ అల్బెర్తిలతో అతను మొదలుపెట్టిన సోదా స్టీరియో, దేశాల సరిహద్దులు దాటి లాటిన్ అమెరికా అంతటినీ ఒకే శ్రోతల సమూహంగా మార్చిన తొలి బ్యాండ్లలో ఒకటి. 1997 సెప్టెంబరు 20న బ్వేనోస్ ఐరెస్‌లోని రివర్ ప్లేట్ స్టేడియంలో వాళ్లు వీడ్కోలు చెప్పారు. ఆ బ్యాండ్ సెరాతిదీ, తర్వాతి సెరాతిదీ గొంతు ఒకటే, సంగీతం ఒకటి కాదు.

తెలుగువాడినైన నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. టెక్సాస్‌లో ఉద్యోగం చేసిన కాలంలో మెక్సికోలోని మోంతెర్రేయ్ నుంచి వచ్చిన ఒక సహోద్యోగి నాకు ఈ సంగీతాన్ని పరిచయం చేశారు. అప్పటికి నాకు స్పానిష్‌లో పలకరింపులు తప్ప ఏమీ రావు. ఆయన ఇచ్చినవి విన్నాక ఇంకా ఏం వినాలో నాకు తెలియలేదు. ఏ దేశంలో ఏ బ్యాండ్ ఉందో చెప్పే పత్రిక నాకు అందుబాటులో లేదు, ఉన్నా చదవలేను. అప్పుడు నేను పట్టుకున్నది ఈ విభాగపు నామినేషన్ల జాబితాలనే. విజేతను కాదు, జాబితా మొత్తాన్ని ఏడాది తర్వాత ఏడాది విన్నాను. భాష తెలియని శ్రోతకు ఒంటరి గాయకుడి పాట సగమే అందుతుంది, ఎందుకంటే అక్కడ మాటకే ప్రాధాన్యం. బ్యాండ్ సంగీతం అలా కాదు. బేస్ గిటారు డ్రమ్స్‌కు ఎదురు చెప్పడం, ట్రంపెట్ వచ్చి ఇద్దరికీ రాజీ కుదర్చడం వినడానికి స్పానిష్ అక్కర్లేదు. నావంటి దూరపు శ్రోతలు ఇంకా ఎక్కడెక్కడో ఉంటారు. 2010 తర్వాతి జాబితాలతో అదే ప్రయాణం మొదలుపెట్టేవారికి దొరికే బ్యాండ్లు తక్కువ.

ఎత్తేసిన విభాగం తిరిగి రావడం అసాధ్యమేమీ కాదు. 2011లో గ్రామీలు తగ్గించిన విభాగాల్లో లాటిన్ జాజ్ ఒకటి. ఆ సంగీతకారులు ఊరుకోలేదు. డ్రమ్మర్ బాబీ సనాబ్రియా ముందు నిలబడ్డారు. న్యూయార్క్‌లో కొందరు కలిసి కోర్టుకు వెళ్లారు, కార్లోస్ సంతానా వంటి పెద్దలు గొంతు కలిపారు. కోర్టులో దావా నిలబడకపోయినా 2012 జూన్‌లో ఆ విభాగాన్ని అకాడమీ పునరుద్ధరించింది. అదే గ్రామీల్లో లాటిన్ పాప్, రాక్, అర్బన్ ఆల్బమ్‌లన్నిటినీ 2012 వేడుక కోసం ఒకే విభాగంలోకి తోసి, మరుసటి ఏడాదికే మళ్లీ రాక్‌ను పాప్ నుంచి విడదీశారు. ఆ విడదీసిన విభాగంలో తొలిసారి గెలిచినది తూర్పు లాస్ ఏంజెలెస్‌కు చెందిన కెత్సాల్ అనే బ్యాండ్. విభాగాలు రాతి మీద చెక్కినవి కావని, అడిగేవారుంటే మారతాయని దీన్నిబట్టి తెలుస్తోంది. రాక్ బ్యాండ్ల తరఫున ఆ స్థాయిలో అడిగినవారు లేకపోయారు. జాజ్ సంగీతకారులది ఒక ఊరిలో, ఒక సంఘంగా మసలే లోకం. రాక్ బ్యాండ్లు ఇరవై దేశాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి, ఒకదానితో ఒకటి పోటీ పడుతూ ఉన్నాయి.

పునరుద్ధరిస్తే ఎలా నడపాలన్న ప్రశ్న న్యాయమైనదే. ఒక ఏడాది సరిపడా బ్యాండ్ ఆల్బమ్‌లు రాకపోతే ఏం చేయాలి? అమెరికా గ్రామీలు 2011లో తెచ్చిన నియమంలోనే దీనికి జవాబు ఉంది. 40 కంటే తక్కువ ఎంట్రీలు వస్తే మూడు నామినేషన్లే ఇస్తారు, 25 కంటే తక్కువ వస్తే ఆ ఏడాదికి ఆ విభాగాన్ని ఆపుతారు. ఆ కొలతను ఇక్కడ కూడా పెట్టవచ్చు. ఇక బ్యాండ్ అంటే ఎవరు అన్నది చిక్కు ప్రశ్న. ఒక గాయకుడు అద్దె వాద్యకారులకు ఒక పేరు తగిలించి బృందమని చెప్పుకుంటే? ఆల్బమ్ నిడివిలో సగానికి పైగా కొత్తగా రికార్డు చేసినది కావాలన్న లెక్కను అకాడమీ ఏళ్ల తరబడి పాటించింది. అదే లెక్కను మనుషులకూ వర్తింపజేసి, బ్యాండ్ సభ్యులుగా పేర్లు ఇచ్చినవారే ఆల్బమ్‌లో సగానికి పైగా నిడివిలో వాయించి ఉండాలని, పాటల రచనలోనో స్వరకల్పనలోనో కనీసం ఇద్దరి భాగం ఉండాలని నియమం పెడితే చాలావరకు సరిపోతుంది. ఇద్దరే ఉన్న అతెర్సియోపెలాదోస్ వంటి బ్యాండ్లు ఈ నియమంలో ఇమిడిపోతాయి. పేరుకు మాత్రమే బృందమైనవి బయటే ఉంటాయి.

2010 నుంచి గడిచిన ఏళ్లకు వెనక్కి వెళ్లి పురస్కారాలు పంచమని నేను అడగడం లేదు. ఇప్పుడున్న ఉమ్మడి విభాగాన్ని ఒంటరి కళాకారులకు ఉంచి, దాని పక్కన బ్యాండ్ల విభాగాన్ని తిరిగి నిలబెట్టి, మొదటి రెండు మూడేళ్లు మూడు నామినేషన్లతోనైనా నడిపి చూడమని మాత్రమే అడుగుతున్నాను.